హాలె ఊళ్ళో మన అక్షరాలు: అక్కతో ఒక రోజు



జర్మనీ పోయి వచ్చినప్పటి నుండి వాట్సాప్‌లో అడుగుతూనే ఉన్నారు, ఏమి చూసినారు, ఫోటోలు పెట్టండి అని. ఫోటోలన్నీ అక్క ఫోన్‌లో ఉన్నాయి, అవి నిదానంగా వస్తాయి. ఈఫిల్ టవర్ ముందర నిలబడిన ఫోటో మాత్రం రాదు, మేము పారిస్ పోలేదు. అక్క కూతురు లైప్‌జిగ్‌లో ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్ల ఇంట్లో రెండు వారాలు ఉండి, అందులో ఒక రోజు మేమిద్దరమే, అక్కా తమ్ముడూ, రైలెక్కి పక్క ఊరు పోయి వచ్చినాము. ఆ ఊరి పేరు హాలె. ఆ ఒక్క రోజు గురించే ఈ పొడుగు రాత. ఓపిక ఉన్నవాళ్ళు కాఫీ పెట్టుకుని కూర్చోండి.

హాలె ఎందుకు అని ఇంట్లో కూడా అడిగినారు. డ్రెస్డెన్ పోవచ్చు, బెర్లిన్ పోవచ్చు, ఈ ఊరిలో ఏముంది అని. ఏముందంటే, తెలుగు మొట్టమొదట అచ్చయింది అక్కడ. 1746లో. రాజమండ్రిలో కాదు, బందరులో కాదు, మన మదరాసులో కూడా కాదు. కేరీ దొర శ్రీరాంపూరులో తెలుగు వ్యాకరణం అచ్చువేసింది 1814లో, క్యాంప్‌బెల్ వ్యాకరణం మదరాసులో వచ్చింది 1816లో. వాటికన్నా డెబ్బై ఏళ్ళ ముందే, తెలుగు మాట్లాడేవాడు ఒక్కడు కూడా లేని ఊరిలో, తెలుగు అక్షరాలకు అచ్చు దిమ్మలు తయారు చేసి పుస్తకం వేసినారు. ఆ పుస్తకం వేసిన మనిషి తెలుగు నేర్చుకున్నది ఎక్కడో తెలుసునా? కృష్ణా గోదావరి మధ్యలో కాదు. మదరాసులో, మన వీధుల్లో. "మీ తెలుగు అరవం కలిసిన తెలుగు" అని మనల్ని చూసి నవ్వేవాళ్ళకు ఈ సంగతి ఒకసారి చెప్పి చూడండి.

రైలు ఎక్కువ దూరం లేదు, అరగంట చిల్లర. అక్క తెల్లవారే లేచి కారం పొడి పూసిన ఇడ్లీలు అల్యూమినియం కాగితంలో చుట్టింది. జర్మనీలో ఇడ్లీ పిండి పులియడానికి రెండు రోజులు పట్టింది, ఆ కథ వేరే. మా అక్కకు అరవై ఎనిమిది. ముప్ఫై ఏళ్ళకు పైగా తమిళం టీచరుగా పనిచేసి రిటైరు అయింది. మోకాళ్ళ నొప్పి ఉంది, కానీ ఒప్పుకోదు.

హాలె స్టేషను నుండి పది పదిహేను నిమిషాలు నడిస్తే ఫ్రాంకె సంస్థల వాకిలి వస్తుంది. పక్కనే ఎత్తుగా కాంక్రీటు స్తంభాల మీద పెద్ద రోడ్డు పోతుంది, తూర్పు జర్మనీ కాలంలో వేసినది. ఆ రోడ్డు మోత వింటూ లోపలికి అడుగుపెడితే ఒక పొడుగాటి వాడ. రెండు పక్కలా ఎత్తైన ఇళ్ళు. ఒక పక్క ఇల్లు కట్టెల చట్రం మధ్యలో గోడ కట్టిన పాత పద్ధతిది, నూరు మీటర్లకు పైగా పొడుగు, అంతస్తు మీద అంతస్తు. అలాంటి కట్టెల ఇళ్ళలో ఐరోపాలో ఇంత పెద్దవి అరుదు. "ఇది మన మదురై మంగమ్మ సత్రం కన్నా పెద్దది" అంది అక్క. అక్కకు పెద్ద కట్టడం ఏది కనిపించినా రాణి మంగమ్మ గుర్తుకు రావాల్సిందే.

ఈ చోటు కథ చెప్పాలి, ఎందుకంటే మన సంఘంలో చందాల గురించి జరిగే మాటలు విన్నవాళ్ళకు ఇది బాగా పడుతుంది. ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె అని ఒక పాదిరి. 1692లో హాలె గోడల బయట ఉన్న గ్లౌఖా అనే పేదల పేటకు వచ్చినాడు. విశ్వవిద్యాలయంలో గ్రీకు, హీబ్రూ పాఠాలు చెప్తూ ఈ పేట గుడి కూడా చూసుకునేవాడు. పేట నిండా సారా కొట్లు, వీధుల్లో తిరిగే పిల్లలు. ఇంట్లో ఒక చందా పెట్టె పెట్టినాడు. 1695లో ఈస్టరు పండగప్పుడు ఎవరో ఆ పెట్టెలో ఒకేసారి 4 థాలర్లు, 16 గ్రోషెన్లు వేసినారు. ఇంత డబ్బుతో ఏదైనా గట్టి పని చేయాలి, ఒక బడి పెట్టాలి అని అప్పుడే అనుకున్నాడట. పుస్తకాలు కొన్నాడు, ఒక పేద విద్యార్థిని పిలిచి పిల్లలకు చదువు చెప్పమన్నాడు. మూడేళ్ళకు, 1698లో, అనాథాశ్రమానికి పునాది రాయి పడింది. 1727లో ఆయన పోయే నాటికి అది ఒక చిన్న ఊరు: బడులు, మందుల కొట్టు, అచ్చాఫీసు, పుస్తకాల అంగడి, తోటలు, వేల మంది పిల్లలు. చందాలతోనే నడిచిందా అంటే కాదు. మందులు చేసి దేశదేశాలకు అమ్మినారు, బైబిళ్ళు చవకగా అచ్చువేసి అమ్మినారు. లెక్క తెలిసిన మనిషి.

అనాథాశ్రమం పై అంతస్తులో, కప్పు కింద, ఒక వింత వస్తువుల గది ఉంది. చెక్క మెట్లు ఎక్కుతూ అక్క రెండు చోట్ల ఆగింది, ఆగింది కిటికీలో నుండి చూడటానికే అన్నట్టు. పద్దెనిమిదో శతాబ్దంలో ఎట్ల అమర్చినారో అట్లనే ఉంది ఆ గది. రంగుల బొమ్మలు వేసిన అలమారాలు, వాటిలో గవ్వలు, రాళ్ళు, ఎండబెట్టిన జీవాలు, దేశదేశాల వస్తువులు. కప్పు నుండి ఒక మొసలి వేలాడుతుంది. పిల్లలకు ప్రపంచం చూపించి పాఠం చెప్పడానికి పెట్టిన గది ఇది. మన దక్షిణ దేశం నుండి పంపిన వస్తువులు కూడా ఉన్నాయి. అక్క వాటి ముందర నిలబడి కదలలేదు. మన ఇంటి అటక మీద పడి ఉండే సామాను అక్కడ అద్దం వెనక, దీపం కింద ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మన వస్తువులు అంత దూరం ఎట్ల పోయినాయో చెప్పాలి. ఈ దారి మొదలుపెట్టింది మనవాడే. తంజావూరు నాయక రాజు రఘునాథుడు, తెలుగులో కావ్యాలు రాసిన రాజు, 1620లో డెన్మార్కు వాళ్ళకు తరంగంబాడి ఇచ్చినాడు. వాళ్ళు అక్కడ డాన్స్‌బోర్గ్ కోట కట్టుకున్నారు, మీలో చాలామంది చూసే ఉంటారు. తరువాత ఎనభై ఆరేళ్ళకు, 1706లో, డెన్మార్కు రాజు పంపిన పాదిరులు ఆ రేవులో దిగినారు. పంపింది హాలెలో చదివిన జీగన్‌బాల్గ్‌ను, ఇంకొకరిని. జీగన్‌బాల్గ్ తమిళం నేర్చుకుని, హాలె నుండి తమిళ అచ్చక్షరాలు తెప్పించుకుని, 1715 నాటికి కొత్త నిబంధన తమిళంలో అచ్చువేసినాడు. హాలెలో చేసి పంపిన అక్షరాలు మరీ పెద్దవి, కాగితం చాలలేదు. చిన్నవి తరంగంబాడిలోనే పోతపోసుకున్నారు. పొరయార్‌లో కాగితం మిల్లు కూడా పెట్టినారు. ఆ పాదిరులు రాసిన ఉత్తరాలు, తాటాకులు, వస్తువులు ఓడల మీద హాలెకు చేరినాయి. ఉత్తరాలు అచ్చువేసి జర్మనీ అంతా పంచినారు, 1710 నుండి అరవై ఏళ్ళు. మన ఊళ్ళ గురించి, మన పండగల గురించి, మన జబ్బుల గురించి ఎక్కడో చలిదేశంలో ముసలమ్మలు దీపం దగ్గర కూర్చుని చదివినారు.

1719లో జీగన్‌బాల్గ్ తరంగంబాడిలో చనిపోయినాడు, ముప్ఫై ఆరేళ్ళకు. అదే సంవత్సరం కొన్ని నెలల తరువాత ఓడ దిగినాడు బెంజమిన్ షుల్జె. మన కథానాయకుడు ఇతనే. తోటి పాదిరులతో పొసగలేదు. ఏడేళ్ళు పోట్లాడుకుని 1726లో మదరాసు వచ్చేసినాడు. ఇంగ్లీషు వాళ్ళ సాయంతో బడులు పెట్టినాడు. మదరాసులో చూస్తే తమిళం ఒక్కటే చాలదు. కోట బయట బ్లాక్ టౌన్‌లో తెలుగు వ్యాపారులు, దుబాసీలు, కూలీలు. వీధి దాటితే భాష మారుతుంది. మనకు ఇప్పుడు కూడా షావుకారుపేటలో ఒక సందులో మూడు భాషలు వినిపిస్తాయి కదా, అట్ల. షుల్జె తెలుగు పట్టుకున్నాడు. ఆ కాలపు పాదిరుల కాగితాల్లో తెలుగును "వరుగు భాష" అన్నట్టుగా రాసినారు. అది ఎక్కడిదో మీకు వెంటనే తెలిసి ఉంటుంది. మనల్ని తమిళులు పిలిచే "వడుగర్" నుండి వచ్చింది. ఆంధ్రదేశంలో ఎవరూ తెలుగును ఆ పేరుతో పిలుచుకోలేదు. ఆ పేరు మనది, ఇక్కడ పుట్టింది.

1728లో లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణం ఒకటి రాసినాడు షుల్జె. అది అప్పుడు అచ్చు కాలేదు. 1984లో అయింది, ఇదే హాలెలో, తూర్పు జర్మనీ ఇంకా ఉన్నప్పుడు. రెండు వందల యాభై ఆరేళ్ళు కాగితాల్లో పడుకుంది. 1732 నాటికి బైబిలు తెలుగులో రాయడం ముగించినాడు, అదీ అచ్చు కాలేదు. 1743లో ఒళ్ళు బాగుండక తిరిగి హాలె చేరినాడు. అక్కడ ఊరకే కూర్చోలేదు. హిందుస్తానీ వ్యాకరణం అచ్చువేసినాడు, ఆ భాష కూడా మదరాసులోనే నేర్చుకున్నది. తరువాత తెలుగు అక్షరాలు చేయించి 1746, 1747లో చిన్న చిన్న పుస్తకాలు వేసినాడు. మొదటిది క్రైస్తవ ప్రశ్నోత్తరాల పుస్తకం. జర్మన్ల భక్తి పుస్తకం, యోహాన్ ఆర్న్ట్ రాసినది, దాన్ని కూడా తెలుగు చేసి వేసినాడు. 1760లో హాలెలోనే పోయినాడు.

మతం సంగతి ఇక్కడ పక్కన పెడదాం. మన సంఘంలో గుడికి పోయేవాళ్ళు, చర్చికి పోయేవాళ్ళు, ఎక్కడికీ పోనివాళ్ళు అందరం ఉన్నాము. ఈ మనిషి వచ్చిన పని మతం పని. మనకు మిగిలింది అక్షరం.

వింత వస్తువుల గది చూసినాక ఆశ్రమం కప్పు మీదికి కూడా ఎక్కినాము. ఊరంతా కనిపిస్తుంది, సంత చౌకు గోపురాలు అయిదూ. గాలి కోస్తా ఉంది. అక్కడే ఒక మూల కూర్చుని ఇడ్లీలు తిన్నాము. పక్కన ఉన్న జర్మన్ దంపతులు కారం పొడి వాసనకు ఇటు తిరిగి చూసినారు, అక్క వాళ్ళకూ చెరొకటి ఇచ్చింది. ఆయన కళ్ళలో నీళ్ళు వచ్చినాయి, కానీ మంచిగా తిన్నాడు.

పుస్తకాల భవనం వాడలో ఇంకా లోపల. 1726, 28 మధ్య కట్టినారు, పుస్తకాల కోసమే విడిగా కట్టిన ఇళ్ళలో జర్మనీలో నిలిచి ఉన్నవాటిలో ఇదే పాతది అంటారు. పాత హాలులో అలమారాలు గోడకు ఆనుకుని ఉండవు. నాటకం అరంగంలో పక్క తెరలు ఉంటాయే, అట్ల రెండు పక్కల నుండి నడిమికి వచ్చి నిలబడి ఉంటాయి. చెక్క వాసన, పాత తోలు వాసన. అది చూసి, కింద చదువుకునే గదికి పోయినాము. రెండు వారాల ముందే మెయిల్ రాసి, ఈ పుస్తకం చూడాలి, మేము తెలుగువాళ్ళం, మదరాసు నుండి వస్తున్నాము అని చెప్పినాము. మర్యాదగా జవాబు వచ్చింది. సంచులు బయట పెట్టెలో పెట్టాలి, పెన్ను తేకూడదు, పెన్సిల్ మాత్రమే. వచ్చినవాళ్ళు ఒక చీటీ నింపి సంతకం పెట్టాలి.

అక్క చీటీ మీద తమిళంలో సంతకం పెట్టింది. ఎప్పుడూ పెట్టే సంతకమే. బల్ల వెనక ఉన్నావిడ దాన్ని చూసి, ఇంగ్లీషులో, "ఇది తమిళం కదా, మీరు అడిగింది తెలుగు పుస్తకం" అంది. తప్పుగా ఏమీ అనలేదు. ఆ చోట మూడు వందల ఏళ్ళుగా తమిళ కాగితాలు ఉన్నాయి, చూడగానే గుర్తుపట్టింది, అంతే. అక్క నవ్వి, "ఔను, నేను తెలుగే, రాసేది మాత్రం తమిళం" అంది. ఆవిడకు అర్థం కాలేదు. మన ఇళ్ళలో ఎంతమందికి ఈ మాట వర్తిస్తుందో మీకు చెప్పక్కరలేదు.

ముందు తరంగంబాడి తమిళ అచ్చు ఒకటి కూడా అడిగి ఉన్నాము, అక్క కోసం. అది రాగానే అక్క కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. ఆ కాలంలో తమిళంలో పుల్లి పెట్టేవాళ్ళు కాదు, ఏ, ఓ దీర్ఘాలకు తేడా చూపేవాళ్ళు కాదు. అయినా టీచరమ్మకు అడ్డం కాలేదు. పంక్తి మీద పంక్తి గుసగుసగా చదువుకుంటూ పోయింది. "వీరమామునివర్ దిద్దక ముందటి రాత ఇది" అని మాకు పాఠం కూడా చెప్పింది. తమిళానికి అచ్చు అప్పటికి కొత్త కాదు. 1578లోనే కొల్లంలో తమిళ లిపిలో పుస్తకం వచ్చింది. తెలుగు దానికన్నా నూట అరవై ఎనిమిదేళ్ళు వెనక.

తరువాత తెలుగు పుస్తకం తెచ్చి మెత్తటి దిండు మీద పెట్టినారు. చిన్నది. పూజ గదిలో పెట్టుకునే స్తోత్రాల పుస్తకం అంత. తెరిచినాము.

నిజం చెప్తాము, మొదట ఒక్క అక్షరం కూడా పట్టుబడలేదు. ఇప్పటి గుండ్రటి అచ్చుకు అలవాటుపడిన కన్ను తడబడింది. తరువాత ఒక "క" కనిపించింది, తలకట్టుతో. దాని పక్కన ఒక సున్న. అక్కడి నుండి ఒక్కొక్కటిగా చీకట్లో నుండి బయటికి వచ్చినట్టు వచ్చినాయి. చుట్టూ జర్మన్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్నారు, కిటికీ బయట ఆకులు రాలుతున్నాయి, దిండు మీద తెలుగు. చేతులు వణికినాయి అంటే నమ్మండి.

"ఏముంది రా అందులో? చదువు, నేను వింటా" అంది అక్క.

మెల్లగా చదివినాము, ఒక్కొక్క మాట కూడబలుక్కుంటూ. ఆ తెలుగు నేర్చుకున్నవాడి తెలుగు. వాక్యం నడక మనది కాదు, లాటిన్ చదివిన బుర్రలో నుండి వచ్చిన నడక. కానీ మాటలు మన మాటలు. అర పేజీ దాటే లోపల అక్క ఒక చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"ఈయనకు ఎవరు నేర్పించినారు?"

"మదరాసులో మనవాళ్ళే."

"వాళ్ళ పేర్లు ఉన్నాయా పుస్తకం మీద?"

మొదటి పేజీ తిప్పి చూపించినాము. షుల్జె పేరు ఉంది, నేర్పించినవాళ్ళ పేరు లేదు. అక్క దాన్ని చాలాసేపు చూసింది. తరువాత పుస్తకం వైపు చూస్తూనే అంది: "సముద్రం దాటి వచ్చి ఎవడో దొర అడిగితే నేర్పించినారు. ఇంట్లో ఆడపిల్ల అడిగితే నేర్పించలేదు."

ఇక్కడ మా ఇంటి సంగతి రాయకపోతే ఇది ఎవరికీ అర్థం కాదు. మాది కోవిల్‌పట్టి పక్క పల్లె. నాయకుల కాలంలో వచ్చినవాళ్ళం అని పెద్దలు చెప్పేవాళ్ళు. తాత దగ్గర చిరిగిపోయిన పెద్దబాలశిక్ష ఒకటి ఉండేది. సాయంత్రం దీపం పెట్టినాక తిన్నె మీద ఇసుక పోసి మాకు, అంటే ఇంట్లో మగపిల్లలకు, అక్షరాలు దిద్దించేవాడు. బడిలో తమిళం, తిన్నె మీద తెలుగు. అక్క అప్పుడు మాకు నీళ్ళు తెచ్చి ఇచ్చేది, స్తంభం పక్కన నిలబడి చూసేది. ఒకసారి కూర్చుంటాను అని అడిగింది. "నువ్వు పోయే ఇంట్లో ఎవరు చదువుతారమ్మా తెలుగు, బడిలో చెప్పేది బాగా చదువుకో" అన్నాడు తాత. చెడ్డవాడు కాదు. అక్కను పదకొండో క్లాసు దాకా చదివించాలని పట్టుబట్టింది ఆయనే, ఊరంతా వద్దంటే. అక్క బడిలో చెప్పేది బాగా చదువుకుంది, జిల్లాలో పేరున్న తమిళ టీచరైంది. తెలుగు నోట్లోనే ఉండిపోయింది, చేతికి దిగలేదు.

మాకు తెలిసి అరవై ఏళ్ళలో అక్క ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. మేమూ అడగలేదు. మన సంఘంలో పిల్లలకు తెలుగు రావడం లేదు, 2006 చట్టం వచ్చినాక బడిలో తెలుగు చదివే దారి కూడా మూసుకుపోయింది అని ఎన్ని సభల్లో మాట్లాడినాము! ఆ మాటలు అబద్ధం కాదు. కానీ ఏ చట్టమూ లేని రోజుల్లో, మన తిన్నెల మీద, సగం పిల్లలకు మనమే మూసిన దారి గురించి ఏ సభలోనూ మాట్లాడలేదు.

మా దగ్గర జవాబు లేదు. అక్క కూడా జవాబు అడగలేదు. "ఊ, చదువు" అంది. మిగిలిన సగం పేజీ చదివినాము.

పుస్తకం వెనక్కి ఇచ్చేసి బయటికి వచ్చేసరికి మూడైంది. అక్కడి నుండి సంత చౌకుకు నడిచినాము. మంచి ఊరు. రెండో ప్రపంచ యుద్ధంలో పక్క ఊళ్ళంత దెబ్బతినలేదు, పాత వీధులు పాతగానే ఉన్నాయి. చౌకులో నాలుగు గోపురాల చర్చి ఉంది. దాని కథ తమాషా. పక్కపక్కన రెండు చర్చిలు ఉంటే, 1529లో గోపురాలు నాలుగూ ఉంచి నడిమి కట్టడాలు పడగొట్టి, రెండింటికీ కలిపి ఒకే చర్చి కట్టినారు. అయిదో గోపురం, ఎర్ర గోపురం, చర్చికి అతకకుండా విడిగా నిలబడి ఉంటుంది. లోపల మార్టిన్ లూథర్ ముఖం అచ్చు ఉంది. 1546లో ఆయన శవాన్ని ఈ ఊరి మీదుగా తీసుకుపోయినారు. పెద్ద సంగీతకారుడు హాండెల్ 1685లో ఈ ఊళ్ళోనే పుట్టినాడు, ఈ చర్చిలోనే పేరు పెట్టినారు. చౌకు నడుమ ఆయన విగ్రహం. ఆయన పుట్టిన ఇల్లు బయట నుండి చూసినాము, లోపలికి పోయే ఓపిక లేదు.

ఒక సంగతి మాత్రం మనసులో తిరుగుతూనే ఉంది. 1746లో ఈ చర్చి ఆర్గన్ వాయించే ఉద్యోగానికి పెద్ద బాఖ్ పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ వచ్చి చేరినాడు. ఆయన ఇక్కడ వాయిస్తుంటే, ఒక మైలు కూడా లేని దూరంలో తెలుగు అక్షరాలకు సిరా పూస్తున్నారు. అదే 1746లో, సెప్టెంబరులో, అక్కడ మదరాసును ఫ్రెంచి వాళ్ళు పట్టుకున్నారు. మన యానాం మిత్రులు గర్వపడకండి, మీ దొరలు మా ఊరికి చేసినది విని. మూడేళ్ళు ఉంచుకున్నారు, ఆ మూడేళ్ళలో కోటకు ఆనుకుని ఉన్న బ్లాక్ టౌన్ ఇళ్ళను కొట్టేయడం మొదలుపెట్టినారు. మిగిలింది తరువాత ఇంగ్లీషు వాళ్ళు కొట్టేసినారు, ఫిరంగులకు అడ్డం లేకుండా. ఇప్పుడు హైకోర్టు ఉన్న చోటు అదే. షుల్జె తెలుగు విన్న వీధులు లేవు, నేర్పించినవాళ్ళ తిన్నెలు లేవు. అక్కడ విన్నది హాలెలో మెత్తటి దిండు మీద ఉంది. ఎప్పుడైనా వాయిదాకు హైకోర్టు పోతే కాళ్ళ కింద ఒకసారి చూసుకోండి.

అక్క మాత్రం గోపురాల కింద ఎక్కువ మాట్లాడలేదు. ఉప్పు దగ్గరే మళ్ళీ నోరు తెరిచింది. ఈ ఊరికి పేరు, డబ్బు రెండూ ఉప్పు వల్ల వచ్చినాయి. సముద్రం ఎక్కడో ఉంది, కానీ భూమిలో నుండి ఉప్పు నీళ్ళు ఊరేవి, వాటిని కాచి ఉప్పు తీసేవాళ్ళు. ఆ పని చేసే కులంలాంటి గుంపు ఒకటి, హలోరెన్ అంటారు, వాళ్ళ వేషం వేరు, కట్టుబాట్లు వేరు. వాళ్ళ కోటు గుండీల ఆకారంలో చాక్లెట్ ఉండలు చేసి అమ్మే కంపెనీ 1804 నుండి ఉంది. "తూత్తుక్కుడి వాళ్ళు మక్రూన్ చేస్తే, వీళ్ళు గుండీలు చేసినారు" అని అక్క నాలుగు డబ్బాలు కొంది. ఒకటి సంఘం ఆఫీసుకు. వచ్చే ఆదివారం వచ్చినవాళ్ళకు దొరుకుతాయి, రానివాళ్ళు అడగొద్దు.

తిరుగు రైలు అయిదున్నరకు. జనం తక్కువ. అక్క కిటికీ పక్కన కూర్చుని కాళ్ళు చాపుకుంది, మోకాళ్ళు నొప్పి అని మొదటిసారి ఒప్పుకుంది. రైలు కదిలినాక చేతిసంచి తెరిచి ఒక పెన్సిల్ తీసింది. చదువుకునే గదిలో ఇచ్చినది, తెలియక తెచ్చేసింది, మరుసటి రోజు పోస్టులో పంపించినాము. చాక్లెట్ కొన్న రసీదు వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకుంది.

"అ ఎక్కడ మొదలుపెట్టాలి రా, పై నుండా, కింద నుండా?"

చూపించినాము. తమిళ అక్షరం రాసి రాసి తిరిగిన చెయ్యి, మలుపు ఇంకో పక్కకు పోతుంది. మూడుసార్లు కొట్టేసింది. టీచరు కదా, తన తప్పు తనే ఎర్ర పెన్నుతో దిద్దుతున్నట్టు మొహం పెట్టింది. లైప్‌జిగ్ వచ్చేసరికి రసీదు వెనక "అ" పద్నాలుగు ఉన్నాయి, "ఆ" రెండు.

ఇప్పుడు అసలు విషయం. మన ఆదివారం తెలుగు తరగతి నియమాల్లో "అయిదు నుండి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు" అని ఉంది. ఆ నియమం రాసినవాళ్ళలో మేమూ ఉన్నాము. అక్క అడగమంది: అరవై ఎనిమిదేళ్ళ పిల్ల వస్తే చేర్చుకుంటారా? కార్యవర్గం ఈ నెల సమావేశంలో తేల్చి చెప్పాలి. ఇంకెవరి ఇళ్ళలో అమ్మలు, అక్కలు, అత్తలు రావాలనుకుంటున్నారో కింద పేర్లు రాయండి, బెంచీలు ఎన్ని వేయాలో చూసుకుందాం.